కిటికీ చెక్క బాణాలు

ఫోను మోగినప్పుడు దీవెన రెండు చేతులూ పనిలో ఉన్నయి. ఒక చేత చెక్కను నున్నగ చేసే రందా, ఇంకో చేత కట్టె. వంగి ముక్కుతోటి తెర మీద నొక్కింది. జగిత్యాల గ్రౌండులో తనతో కలిసి బాణాలు వేసే రజని ఊపిరి తీసుకోకుండ ఒకే మాటను మూడు తీర్ల చెప్పింది. రాష్ట్ర పోటీలకు పేర్లు వచ్చినయి. వెదురు విల్లు పోటీకి ఆడవాళ్లలో జిల్లా నుంచి పోయేది దీవెననే. పోటీ వచ్చే వారమే.

నవ్వు ముందుగాల కాళ్లలోకి వచ్చింది. పీట మీద కూర్చున్నచోటనే రెండు పాదాలూ టపటప నేలకు కొట్టుకున్నయి. అప్పుడు మొఖంలోకి ఎక్కింది.

సాగర్ వాకిట్లో ఫర్నిచర్ దుకాణం వాళ్ల మంచం కోళ్లకు లక్కపాలిష్ పట్టిస్తున్నడు. పెండ్లయి మూడో నెల. భార్య ఎవరితో మాట్లాడినా చెవి ఇటు వేసే రోజులు. సంగతి విని లేచి వచ్చి, తల్లి చూస్తున్నదని ఏం చేయాలో తోచక, చేతిలోని పాలిష్ గుడ్డతో దీవెన ముక్కు కొస మీద ఒక చుక్క పెట్టిండు. అది స్పిరిటుతో తప్ప పోదని ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ స్పిరిటు జోలికి పోలేదు.

గంగవ్వ ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు. కోడలి ముక్కు మీది చుక్కను చూడనట్టే చూసింది. చేతిలోని బీడీ మొఖం మడిచి, దారం చుట్టి, తెంపి, అప్పుడు అడిగింది.

"గా పోటీల ఓడిపోతె ఏమంటరు బిడ్డా?"

"ఏమనరు అత్తమ్మ. ఇంటికి పొమ్మంటరు."

"గంతేనా. గట్లయితె పో."

దీవెన మళ్లా రందా అందుకున్నది. ఈ కట్టెలు ఇప్పుడు ఉత్త కట్టెలు కావు. రాష్ట్రానికి పోయే బాణాలు. కథలాపూర్ దిక్కు ఒక ఊర్లో దొరల పాత గడిని కూలగొడితే, దాని తలుపులు, దర్వాజలు లారీకెక్కి కోరుట్ల దుకాణాలకు వచ్చినయి. వాటిల్లో ఒక విరిగిన కిటికీ చట్రాన్ని పనికిరాదని పక్కన పడేస్తే సాగర్ అడిగి తెచ్చుకున్నడు. ఎన్ని ఎండలు చూసిందో ఆ టేకు. ఇక కొత్తగ వంగేది లేదు, ఆరేది లేదు. చెక్కలోని నార గీతలు ఈ కొస నుంచి ఆ కొస దాకా పాపిట తీసినట్టు పోతున్నయి. ఎంత పొదుపుగ కోసినా ఒక్క మనిషికి కావలసిన బాణాల జతకే సరిపోయే చెక్క అది.

తెచ్చిన రోజు గంగవ్వ ఆ చట్రాన్ని అరచేత్తో తడిమి చూసింది. "గసొంటి కిటికీ ముందలికెళ్లి పోవాల్నంటె మా అత్త చెప్పులు చేతవట్టుకునేదట," అన్నది. మళ్లా దాని ఊసెత్తలేదు. రందా పొట్టును మాత్రం రోజూ తనే ఊడ్చి పొయ్యిలో వేస్తది, ఒక్క పొలుసు మిగలనియ్యదు.

నాలుగు పలకల పుల్లను గాడి చెక్కలో పెట్టి మూలలు తీస్తే ఎనిమిది పలకలైతది. ఆ మూలలు కూడ తీస్తే చేతికి గుండ్రం తెలుస్తది. అప్పుడు డ్రిల్లు మిషినుకు బిగించి గిర్రున తిప్పుతూ గరుకు కాయితంతో పట్టుకోవాలె. కాయితం వేడెక్కి అరచేయి చురుక్కుమంటది. ఆ చురుకు దీవెనకు ఇష్టం. పని అయినంక ఆ అరచేతిని సాగర్ మెడ మీద పెట్టి అతను ఉలిక్కిపడితే చూడటం ఇంకా ఇష్టం.

అసలు పరీక్ష గోడ దగ్గర. గోడకు కొట్టిన రెండు మొలలు, వాటి మీద అడ్డంగ కట్టె, కట్టె నడుమ వేలాడే అర్ధకిలో తూకం రాయి. రాయి బరువుకు కట్టె ఎంత వంగిందో గోడ మీది పెన్సిల్ గీత చెప్తది. దీవెనది మెత్తటి విల్లు. ఆ విల్లుకు బాణం ఆ గీత దాకనే వంగాలె. వంగకుండ మొండికేస్తే బాణం ఎడమకు పోతది, ఎక్కువ వంగితే కుడికి. మనుషులు చూస్తే కట్టెలన్నీ ఒకటే అంటరు. రాయి మాత్రం అనదు. సున్నం వేసి ఏడాది కూడ కాని గోడ మీద గీతలేందని గంగవ్వ గొణిగింది గానీ, దుమ్ము దులిపేటప్పుడు ఆ గీతల పక్కకు పోయి దులుపుతది.

*

తెల్లారి దీవెన సిరిసిల్ల బస్సెక్కింది. ఈకలు కట్టడానికి దారం కావాలె, అది బాపు దగ్గర దొరుకుతది. దారం ఒక సాకు అని బస్సులో కిటికీ పక్కన కూర్చున్నంక తనకే నవ్వొచ్చింది.

బాపు కనకయ్య షెడ్డులో సాంచలు, అంటే కరెంటు మగ్గాలు, నడిపిస్తడు. లోపల మాట వినపడదు. సాంచల మోతలో అక్కడి వాళ్లు పెదవులు చూసి, వేళ్లు చూసి మాట్లాడుకుంటరు. దీవెన నోరు పెద్దగ చేసి చెప్పింది. కనకయ్యకు అందలేదు. ఎడమ చేయి చాపి, కుడి చేత్తో లేని తాడును దవడ దాకా లాగి, వదిలింది. తర్వాత వేలు ఆకాశం దిక్కు చూపించింది, రాష్ట్రం అన్నట్టు. కనకయ్యకు అప్పుడు అందింది. చేయి చాపి ఎదుటి సాంచను బంద్ చేసిండు. నేసిన గుడ్డకే కూలి ఇచ్చే చోట, పోగు తెగకుండనే సాంచ ఆపిన మనిషిని దీవెన ఎన్నడూ చూడలేదు. పక్క సాంచ ఆయన ఏమైందని కండ్లతోనే అడిగితే, కనకయ్య కూడ విల్లు లాగినట్టు చేతులు చాపి చూపించిండు. తాడును దవడ దగ్గర కాకుండ చెవి వెనకాల దాకా లాగిండు. దీవెన సరిదిద్దలేదు.

ఇంట్ల అమ్మ దేవమ్మ ముక్కు మీది చుక్కను కొంగుతో తుడవబోయి, అది పోకపోతే పుట్టుమచ్చ లేచిందా అని దిగులుపడింది. సంగతి తెలిసినంక కూరలో కారం ఎక్కువేసి, ఆ చేతులతోనే ప్రార్థన చేసింది. ఎర్రటి పడుగు నూలు కండె ఒకటి కనకయ్య కాయితంలో చుట్టి ఇచ్చిండు. దీవెన దాన్ని అక్కడే వేడి నీళ్లలో వేసి పిసికింది. పోయిన వానకాలం నూలుకు పట్టించిన గంజి కడగకుండ అట్లనే ఈకలు కట్టేసింది. మగ్గం ఇంట్ల పుట్టినదానికి పడుగు నూలు మీద గురి ఎక్కువ. ముసురు పట్టిన పూట ఆ గంజి మెత్తబడి, ఈకలన్నీ తడిసిన కోడిపిల్ల రెక్కల్లెక్క లేచినయి. ఈసారి నీళ్లు తేటగ అయ్యేదాక కడిగి, దండెం మీద ఆరేసి, ఆ ఎర్ర పోగుల కింద కూర్చొని తల్లి చేతి అన్నం తిన్నది.

*

ఆ తర్వాతి రెండు రోజులు ఇల్లంతా ఈకలే. సారంగాపూర్ నుంచి తెప్పించిన సీమకోడి ఈకలు. ఒక బాణానికి కట్టే ఈకలన్నీ ఒక్క రెక్కవే కావాలె. కుడి రెక్కవీ ఎడమ రెక్కవీ కలిస్తే బాణం ఎటు తిరగాల్నో తెలియక గాలిలో కొట్లాడుతది. సాగర్ వాటిని వేరు చేయడానికి కూర్చొని, తప్పు చేసినప్పుడల్లా దీవెన చేత చిన్న దెబ్బ తిన్నడు. కావాలనే తప్పులు చేస్తున్నడని ఆమెకు త్వరగనే తెలిసింది. దెబ్బలు మాత్రం ఆపలేదు.

తాడు పట్టే గాడిని నార గీతలకు అడ్డంగ కోసింది. నార వెంబడి కోస్తే తాడు దెబ్బకు కట్టె రెండుగ చీలిపోతది. గాడి కింద ఎర్ర నూలు పోగు పక్కన పోగు చుట్టుతుంటే గంగవ్వ చాట పక్కన పెట్టి వచ్చి కూర్చున్నది. బీడీ కట్టిన వేళ్లు కదా, ఆమె చుట్టిన పోగుల నడుమ గోరు దూరే సందు లేదు. ఆ వేగం చూసి దీవెన తన వేళ్లను చూసుకొని నవ్వింది. చివరకు సాగర్ వంతు. గుడ్డను పాలిష్‌లో ముంచి పిండి, కట్టెను చేతిలో తిప్పుతూ ఒక్క ఊపులో తీయాలె, ఆగితే మరక. పూత మీద పూత పడుతుంటే గడి కిటికీ రంగు పోయి కట్టెలోంచి తేనె రంగు బయటికి వచ్చింది.

పోటీలో ఒక మనిషి బాణాలన్నీ ఒకే తీరుగ ఉండాలె, ప్రతి దాని మీద వేసేవాళ్ల గుర్తుండాలె. సన్నటి కుంచెతో దీవెన ఒక్కో బాణం మీద ఎర్రగ 'దీ' అని రాసింది. అన్నీ రాసి గోడకు వరసగ నిలబెట్టి, సాగర్‌ను పక్కకు జరగమని, దూరం నుంచి చూసుకున్నది. తర్వాత దగ్గరి నుంచి. తర్వాత అన్నం తినుకుంట.

*

జగిత్యాల గ్రౌండుకు ఒక ఆచారం ఉంది. గ్రౌండుకు వచ్చిన బాణం గ్రౌండుది. ఎవరు చేసినా, ఎవరు తెచ్చినా గోడ దగ్గరి డ్రమ్ములో వేయాలె. పెద్దవాళ్లు ముందు ఏరుకుంటరు, మిగిలినవి చిన్నవాళ్లకు, ఆ మిగిలినవాటిలో మిగిలినవి ఆడపిల్లలకు. దీవెన చేసిన బాణాలు ఆ డ్రమ్ములో ఎన్ని పడ్డయో ఆమెకే లెక్క లేదు. ఇవి మన దీవెన చేసిన బాణాలని మొగపిల్లలు పొగుడుతుంటే సంబురపడ్డది కూడ.

ఈ బాణాలను ఆమె డ్రమ్ములో వేయలేదు. పీవీసీ పైపు ముక్కతో చేసుకున్న పొదిలో పెట్టుకొని నడుముకు కట్టుకున్నది. నేర్పించే జలపతి సార్ దూరం నుంచే చూసి దగ్గరికి వచ్చిండు. ఒక బాణం తీసి కంటి దగ్గర పెట్టి వంకర ఉన్నదేమో చూసిండు, వేలి కొసన నిలబెట్టి చూసిండు. మొఖం వెలిగింది. బంగారం చేతులు బిడ్డా నీవి అని నోరారా మెచ్చుకున్నడు. మెచ్చుకుంటనే పొది విప్పమన్నడు. మొగవాళ్లలో పోతున్న ప్రకాశ్‌ను కేక వేసి, ఇగో నీ బాణాలు అన్నడు.

దీవెనకు ముందు అర్థం కాలేదు. నవ్వు మొఖం మీదనే ఉండిపోయింది. సార్ జేబులోంచి బ్లేడు తీసిండు. బాణాన్ని తొడ మీద పెట్టుకొని 'దీ' అన్న అక్షరాన్ని గీకుతున్నడు, కూరగాయ చెక్కు గీకినట్టు తీరుబడిగ. ఎర్ర పొడి, దాని కింద పాలిష్ పొడి, దాని కింద తెల్లటి చెక్క. అప్పుడు అర్థమైంది.

ప్రకాశ్ మెడల్ తెచ్చేటోడని, ఆమెను అనుభవం కోసమే పంపుతున్నమని, డ్రమ్ములోంచి మంచివి ఏరుకొని పొమ్మని సార్ చెప్తున్నడు. గొంతులో కోపం లేదు, కన్నతండ్రి బుద్ధి చెప్పినట్టే ఉంది. పెండ్లయినదానివి, వచ్చే ఏడు ఆడుతవో లేదో అని కూడ అన్నడు.

డ్రమ్ములోవి రంగురంగుల బాణాలు, తలో పొడుగు. అవి పట్టుకొని పోతే పోటీ గేటు దగ్గరనే వెనక్కి పంపుతరని అక్కడ అందరికీ తెలుసు.

"సార్, అవి నా విల్లుకు తూచినయి," అన్నది దీవెన. "అన్న విల్లు గట్టిది. దానికి పనికిరావు."

"బాణం బాణమే గదా చెల్లె," అన్నడు ప్రకాశ్. చెడ్డవాడు కాదు. అడిగితే బస్టాండు దాకా బండి మీద దింపుతడు. అడగకుండ తీసుకోవడం మాత్రం అతనికి అలవాటు, ఇన్నేండ్లూ ఎవరూ కాదనలేదు.

"ఏసి చూడు మరి."

ప్రకాశ్ బాణాలు వేసే గీత మీద నిలబడ్డడు. మొదటి బాణం తోక ఊపుకుంట పోయి టార్గెట్ కుడి అంచున గుచ్చుకున్నది. రెండోది ఇంకా కుడికి పోయి అంచు పట్టుకొని వేలాడింది. గాలి అన్నడు సార్. చెట్ల ఆకు కదలడం లేదు. ప్రకాశ్ పండ్లు బిగించి ఇంకా వెనక్కి లాగిండు. మూడోది విల్లు దాటకముందే ఫట్‌మని నడుమకు విరిగింది. ఒక ముక్క గడ్డిలో పడ్డది. ఇంకో ముక్క ప్రకాశ్ మోచేతిని గీరుకుంట పోయింది.



దీవెన గీత మీద ఎవరూ విల్లు ఎత్తలేదని చూసుకొని టార్గెట్ దాకా నడిచింది. కట్టెను మొదట్లో పట్టుకొని, తిప్పకుండ, నేరుగ లాగింది. ఒకటి, ఇంకొకటి. గడ్డిలోని ముక్కలు వెతికి తీసుకున్నది. తిరిగి వచ్చి సార్ ముందరి బెంచీ మీద ఉన్నవాటిని, అక్షరం గీకినదాన్ని కూడ, పొదిలో పెట్టుకున్నది. గ్రౌండంతా చూస్తున్నది. రజని చేతిలోని నీళ్ల సీసా మూత తీసి అట్లనే పట్టుకొని ఉన్నది.

"ఏడికి?" అన్నడు సార్.

"నావి నేను తీస్కపోతున్న సార్."

"గ్రౌండుకొచ్చిన బాణం గ్రౌండుదే. గీ మాట నీకు కొత్తగ చెప్పాల్నా?"

"చెక్క నాది, ఈకలు నాయి, చేతులు నాయి. గ్రౌండుది గింత దుమ్మున్నది సార్. దులిపి పెట్టి పోత." పొదిని వంచి, టార్గెట్ నుంచి తెచ్చిన రెండు బాణాల మొనలను కొంగుతో తుడిచి, కొంగును అక్కడే దులిపింది.

సార్ మెడ ఎర్రబడ్డది. పేరు పంపినోన్ని నేనే, తీసేటోన్ని నేనే అన్నడు. దీవెన పొదిని నడుముకు కట్టుకున్నది. గేటు దాకా ఒకే తీరుగ నడిచింది. 

బస్టాండుకు రజని ఉరికివచ్చింది. పేరు నిజంగనే తీసేస్తరేమో, పోయి ఒక్క మాట బతిమాలమని అన్నది. దీవెన జామకాయలు కొని, ఉప్పుకారం అద్దించి, ఒకటి రజని చేతిలో పెట్టింది. బతిమాలితే పేరు ఉంటదేమో గానీ బాణాలు ఉండవు అన్నది. బాణాలు లేకుంటే ఆ పేరుతో ఏం చేసుకోవాలె. కాయ పచ్చిది, గింజ గట్టిది, కారం బాగున్నది. కోరుట్ల బస్సు వచ్చేదాక ఇద్దరూ కొరుకుతూ నిలబడ్డరు.

*

సాగర్ విషయమంతా విన్నడు. గీకిన బాణాన్ని వెలుతురుకు పట్టి చూసి, గుడ్డ తీసి, ఆ తెల్లటి చోట పూత మొదలుపెట్టిండు. విరిగినదాని బదులు ఇంకొకటి కావాలె, దీవెన గోడ దగ్గరికి పోయింది. జతకు పనికిరావని పక్కన పెట్టిన కట్టెలను మళ్లా ఒకటొకటే మొలల మీద పెట్టి రాయి వేలాడదీసింది. ఒకటి గీతకు వెంట్రుకంత పైన ఆగింది. మొండిది, అంతే. గరుకు కాయితంతో మెల్లగ తీస్తే దారికి వస్తది. కొంచెం తీయడం, రాయి వేయడం, చూడటం. మళ్లా కొంచెం. దీపాలు పెట్టే యాళ్లకు కట్టె సరిగ్గా గీత మీద ఆగింది. ఇంత కోపంలో కూడ ఆమెకు సంతోషం వచ్చింది. సాగర్‌ను పిలిచి చూపించింది. గంగవ్వను కూడ పిలిచింది. ముగ్గురూ గోడ ముందర నిలబడి ఒక కట్టె వంగుడును కండ్లార్పకుండ చూసిండ్రు.

అప్పుడే సాగర్ ఫోను మోగింది. జలపతి సార్. ఇన్ని రోజులూ దీవెన నంబరుకే చేసే మనిషి, ఈ రోజు ఆమె భర్త నంబరుకు చేసిండు. సాగర్ రెండు చేతులకూ పాలిష్ ఉన్నది. ఫోను తీసి అందరికీ వినపడేటట్టు పెట్టమని కండ్లతో చెప్పిండు. దీవెన పట్టుకొని నిలబడ్డది.

సార్ తమ్మీ అని మొదలుపెట్టిండు. పిల్ల కోపంల పోయింది, నువ్వు మొగనివి, జర సముదాయించాలె అన్నడు. పోటీల బాణాలు ఒకే తీరువి కావాలె, ప్రకాశ్‌కు లేవు, ఇంకో ఇద్దరు పోరగాండ్లకు లేవు. గీ రెండు మూడు రోజులు కూసుండబెట్టి చేయించు అన్నడు.

"నాకు చెప్తె ఏం లాభం సార్," అన్నడు సాగర్. "నేను పాలిష్ వెట్టేటోన్ని. మేస్త్రి ఆమెనే. ఫోను గూడ ఆమె చేతులనే ఉన్నది, మీరన్నదంత ఇన్నది."

అవతల దగ్గు వినపడ్డది. సార్ బిడ్డా అన్నడు. కోపంల అంటరు గానీ పేరు ఎక్కడికి పోతది, నీ పేరు నీకే ఉన్నదన్నడు. మరి పోరగాండ్లకు బాణాలు ఎట్ల అని అడిగిండు. ఈసారి ఆ గొంతులో నిజంగనే అడగడం ఉన్నది.

దీవెన సాగర్ దిక్కు చూసింది. అతను గుడ్డ మడత మార్చుకుంటున్నడు, నవ్వు దాచుకోవడానికి. గంగవ్వ చాటను గోడకు నిలబెట్టి, రేపు బీడీల పని లేదు, పొద్దుగాల బస్సుకు నేను గూడ వస్తున్న, గా ఆట ఎట్లుంటదో నేను సూడాలె అని, ఫోనుకు వినపడేంత గట్టిగనే అన్నది.

"ఇన్నరు గదా సార్," అన్నది దీవెన. "రేపు పొద్దుగాల ఎండెక్కకముందే అస్తం. ముందుగాల నా బాణాలతోని నేను కొడుత. అయినంక రందా, రాయి వట్టుకోని గోడ నీడకు కూసుంట. ఎవలకు బాణం గావాల్నో వాళ్లు చెక్క తెచ్చుకోని రమ్మనుండ్రి. ఎట్ల చేస్తరో దగ్గరుండి చూపిస్త. చేసి మాత్రం ఇయ్య."

 సార్ ఇంకా లైనులోనే ఉన్నడు.

"మీరు గూడ ఒక చెక్క తెచ్చుకోండ్రి సార్."